పాత కారుకు కొత్త పంపు

"మా ఆయన మాట్లాడ్డం మానేశాడండీ. నిన్నటిదాకా నేను కాదు, నేను కాదని గోల పెట్టిన మనిషి, ఇప్పుడు నోట్లోంచి ఒక్క ముక్క రానివ్వడం లేదు."

గుమ్మంలో నిలబడి ఆ మాటన్న ఆవిడ వానలో తడిసి ముద్దయింది. గొడుగు చంకలోనే ఉంది, తెరవడం మరిచిపోయినట్టుంది. చేతిలో ఉన్న చిన్న గుడ్డముక్కతో ముఖం తుడుచుకుంటోంది. ఆ గుడ్డకు చుట్టూ ఎర్రదారంతో అంచు కుట్టి ఉంది.

డిటెక్టివమ్మ లేచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. "వేడివేడిగా టీ పట్రా," అంది వెనక్కి తిరగకుండానే. ఆ మాట తనకేనని అసిస్టెంటుకు తెలుసు. డిటెక్టివమ్మ ఎటు వెళ్తే అటే వెళ్తాడని ఆ వీధివాళ్లంతా అతన్ని తోక అంటారు. మొదట్లో రోషపడ్డాడు గాని, ఏనుగు తోకైనా ఏనుగులో భాగమే కదా అని ఇప్పుడు సర్దుకున్నాడు.

టీ గొంతు దిగాక ఆవిడకు మాటలు వచ్చాయి. భర్త కార్ల మెకానిక్. సొంత షెడ్డు. షెడ్డులో ఆయనా, వాళ్ల కూతురూ తప్ప మూడో మనిషి లేడు. పిల్ల చిన్నప్పటి నుంచి తండ్రి పక్కనే నిలబడి పనంతా నేర్చుకుంది. వాళ్ల షెడ్డుకు ఒక పాత కారు వచ్చేది. ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటున్న సర్వేయరు గారిది. ఈమధ్య దాని పెట్రోలు పంపు పాడైతే మెకానిక్ కొత్తది వేసి పంపించాడు. మొన్న పొద్దున వంతెన మీద ఆ కారు తగలబడింది. సర్వేయరు గారిని జనం లాగి బయట పడేశారు గాని చేతులు రెండూ కాలిపోయాయి.

"తప్పుడు పంపు వేశాడని మా ఆయన్ని పట్టుకెళ్లారు. రేపు కోర్టుకు తీసుకెళ్తారట. ఆ పెద్దాయనకు ఏమన్నా అయితే ఇక మా ఆయన బయటికి రాడు. అమ్మగారూ, తప్పుడు సామాను వేసే చెయ్యి కాదండీ అది!"

"ఎప్పట్నుంచి మాట్లాడ్డం లేదు?"

"కాలిన కారు దగ్గరికి తీసుకెళ్లి, ఇదేగా నువ్వు వేసిన పంపు అని చూపించారట. చూశాడట. అంతే, అప్పటి నుంచి నోరు కుట్టేసినట్టే."

"మీ అమ్మాయి ఏమంటుంది?"

"అది మాత్రం ఏమంటుందండీ. అన్నం ముట్టడం లేదు. నిన్న తండ్రిని చూడ్డానికెళ్లి ఏడుస్తూ వచ్చింది."

డిటెక్టివమ్మ ఆ ఎర్ర అంచు గుడ్డ అందుకుని చూసి, "బాగా కుట్టారే," అంది.

"షెడ్డు కోసం నేనే కుడతానండీ. పాత దుప్పట్లు ఉతికి, కోసి, దారాలు ఊడకుండా అంచు వేస్తాను. దారం పోగు ఇంజన్లో పడకూడదంటాడు మా ఆయన."

*

పోలీసుస్టేషను పెరట్లో కారు బొగ్గుకుప్పలా ఉంది. ముందుభాగమే ఎక్కువ కాలింది. ఇన్‌స్పెక్టరు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. డిటెక్టివమ్మంటే ఆయనకు గౌరవం ఉంది, కాస్త భయమూ ఉంది.

"ఇందులో కనిపెట్టడానికి ఏముంది మేడమ్? పాత కారుకు ఇంజను పక్కన బిగించే పంపు ఉండాలి. అది తీసేసి, వెనకాల కరెంటు పంపు పెట్టారు. అదిగో."

డిటెక్టివమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వంగి చూసింది. మసిబారిన గొట్టం లాంటి పంపు. దాని వైరు అతుకు మీద సన్నటి దారం చుట్టలు చుట్టలుగా పేనినట్టుంది, సగం కాలి ఉంది. తర్వాత ఇంజను పక్కకు వచ్చింది. పాత పంపు ఉండాల్సిన చోట బెజ్జం మీద ఒక రేకుముక్క బిగించి ఉంది. దాన్ని వేలితో తడిమి చూసింది.

"తోకా, ఇది చూడు. ఏమనిపిస్తోంది?"

తోక తీక్షణంగా చూశాడు. "రేకండీ."

"రేకని నాకూ కనిపిస్తోంది. అంచులు చూడు. ఆకురాయితో నున్నగా అరగదీశారు. బెజ్జం కొలతకు అచ్చుగుద్దినట్టు కోశారు. చుక్క ఆయిలు కారకుండా కింద అట్ట కూడా వేశారు. కారును నాశనం చెయ్యాలనుకున్నవాడు ఇంత ముచ్చటగా మూత వేస్తాడా?"

"వెయ్యడండీ," అన్నాడు తోక. నిజానికి అతనికి అలాంటి ఆలోచనే రాలేదు.

"నిప్పంటుకునేంతగా పెట్రోలు కారుతుంటే ఆయన బండి ఆపి దిగలేదెందుకు?" అని ఇన్‌స్పెక్టర్ని అడిగింది.

"అదే నాకూ అర్థం కాలేదు మేడమ్. వంతెన మీద ఇంజను ఆగిపోయింది. పక్కన పళ్లబండి అతను పెట్రోలు కంపు, దిగండి దిగండని అరిచాడట. ఈయన వినకుండా స్టార్టు చేస్తూనే ఉన్నాడు. ఒక్కసారి భగ్గుమంది."

లోపల మెకానిక్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గోళ్లలో నల్లటి గ్రీజు. డిటెక్టివమ్మ ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"మీ ఆవిడ పంపింది. మీరేమీ చెప్పనక్కర్లేదు, ఒక్కటే అడుగుతాను. ఆ రేకుమూత చూశారా? మంచి పనితనం కదూ?"

అతను తల వంచుకున్నాడు. కన్నీళ్లు గడ్డం మీదుగా జారి చొక్కా మీద పడ్డాయి.

*

విడిభాగాల కొట్టు యజమాని బాగా మాటకారి. అడగడమే ఆలస్యం, మూడు పంపులు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఇదిగోనమ్మా, ఇది పాత కారుకు అసలైనది. దీనికో చెయ్యి ఉంది చూశారా, ఇంజను తిరుగుతూ ఈ చేతిని కొడుతుంది, ఇది పెట్రోలు తోడుతుంది. ఇంజను ఆగిందా, ఇదీ ఆగుతుంది. ఇహ ఈ రెండోది కరెంటుది, నెమ్మదైనదే. ఓపిగ్గా అమరిస్తే పాత కారుకూ పనికొస్తుంది."

"మూడోది?"

"అది కొత్త కార్లది. దాని జోలికి పోకూడదు. దాని తోపుడుకు పాత కార్లలో పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటరు తట్టుకోలేదు. పసిపిల్లాడి నోట్లో కుళాయి పెట్టి తిప్పినట్టే! మింగినంత మింగి మిగతాదంతా బయటికి కక్కుతుంది. పైగా తాళం తిప్పి ఉన్నంతసేపూ, ఇంజను ఆగినా సరే, తోస్తూనే ఉంటుంది."

తోక ఫోన్లో కాలిన పంపు ఫొటో చూపించాడు. కొట్టాయన కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఈ మూడో రకమే. కాని నా కొట్లోది కాదు తల్లీ, నన్ను ఇరికించకండి! మూతి మీద ఇదివరకు గొట్టం బిగించిన పట్టీ గీతలున్నాయి. ఏదో దెబ్బతిన్న బండి కింద నుంచి పీకింది."

"మరి మెకానిక్ మీ దగ్గర ఏది కొన్నాడు?"

"మొదటిదే. ఎంత సేపు చూశాడనుకున్నారు! చెయ్యి పొడవు పాతదాని పక్కన పెట్టి చూశాడు. రబ్బరు ఎండిందేమోనని నోటితో గాలి పీల్చి చూశాడు. పెళ్లిసంబంధానికి కూడా అంత చూడరు. కూతురు మాత్రం ఒకటే గొడవ. ఏదీ కొనొద్దు నాన్నా, దొరకలేదని చెప్పేద్దాం, పద అంటుంది. నా సరుకంటే అంత చులకనేంటమ్మా అని నాకు ఒళ్లు మండింది. వాళ్ల నాన్నే కసిరాడు. దొరికినదాన్ని దొరకలేదని చెప్పడం నావల్ల కాదు అన్నాడు."

రోడ్డు మీదికి వచ్చాక తోక అన్నాడు. "వీడి మీదే నాకు అనుమానం అమ్మగారూ. అడగనిదానికి కూడా జవాబులు చెప్పాడు."

"అలాగైతే ముందు నిన్ను అనుమానించాలి."

*

షెడ్డులో మెకానిక్ కూతురు ఒక ఆటో కింద పడుకుని పని చేస్తోంది. వీళ్లను చూసి లేచింది. ఇరవై ఏళ్లు దాటి ఉంటాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అడగండి," అంది. అంటూనే మళ్లీ పనిలో పడింది.

"సర్వేయరు గారి కారుకు మీ నాన్న వేసిన పంపు ఏది?"

"చేతిపంపు, ఇంజను పక్కన బిగించేది. మా నాన్న సరైనదే వేశాడు. ఇదొక్కటే నేను చెప్పగలను."

"కారులో దొరికింది వేరేది."

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. "మా నాన్న సరైనదే వేశాడు."

ఇంతలో ఆటో అతను వచ్చాడు. కొత్త హారను మోగించి చూసుకుని మురిసిపోయాడు. ఆ అమ్మాయి విప్పిన పాత హారనును ఎర్ర అంచు గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టింది.

"పగిలిపోయినదాన్ని నేనేం చేసుకోను చెల్లెమ్మా? నెత్తిన పెట్టుకోనా?" అని నవ్వాడతను.

"మీ బండిలోంచి విప్పింది మీ చేతికి ఇవ్వాలి. తర్వాత పారేసుకోండి, మీ ఇష్టం. మా షెడ్డులో అంతే."

షెడ్డు మూల ఒక కొత్తరకం కారు ముక్కు పచ్చడై పడి ఉంది. డిటెక్టివమ్మ దాని వెనక కూర్చుని కిందికి తొంగిచూసింది. లేచి చేతులు దులుపుకుంది. తోక కూడా తొంగిచూశాడు. రెండు రబ్బరు గొట్టాలు కోసిన కొసలతో వేలాడుతున్నాయి. వాటి మధ్య ఉండాల్సినదేదో లేదు.

*

సర్వేయరు గారి భార్య నిలువునా వడలిపోయి ఉంది. గేటు స్తంభానికి మోకాలి ఎత్తున కారు రంగు గీతలు గీతలుగా అంటుకుని ఉండడం డిటెక్టివమ్మ ఆగి చూసింది.

"గేటు ఇరుకమ్మా," అంది పెద్దావిడ గబుక్కున.

"అవునండీ. చాలా ఇరుకు," అని లోపలికి నడిచింది డిటెక్టివమ్మ. తోక మాత్రం గేటు వంక మళ్లీ చూశాడు. అందులోంచి లారీ పడుతుంది.

"ఆ రోజు బయల్దేరేముందు మీరు పెట్రోలు వాసన చూశారా?"

"నేను స్నానానికెళ్లాను. వచ్చేసరికి వెళ్లిపోయారు. పొద్దున్నే, బడిపిల్లలు తిరిగే వేళ, బండి తియ్యనని నాకు మాటిచ్చారు కూడాను." వంటింట్లోంచి మాడువాసన వచ్చింది. ఆవిడ లేచి పరుగెత్తి స్టవ్ ఆర్పేసి వచ్చింది. "పాలు. ఆయనుంటే మాత్రం ఏం లాభం, ఇల్లంతా పొగచూరినా రేడియో వింటూ కూర్చుంటారు. ఆ మధ్య పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ముక్కుకు వాసన తెలియడం మానేసింది. ఆయన ముక్కు కూడా నేనే."

అనేసి ఆవిడ ఉలిక్కిపడ్డట్టు ఆగింది. అప్పటిదాకా తోచనిదేదో అప్పుడే తోచినట్టు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

వీళ్లు ఆసుపత్రికే వెళ్తున్నారని తెలిసి, బీరువాలోంచి రెండు దుప్పట్లు లాగి సంచీలో పెట్టి తోక చేతికిచ్చింది. ఆసుపత్రిలో నర్సు ఒకటి తీసుకుంది, రెండోది వాసన చూసి వెనక్కిచ్చింది. "పెట్రోలు కంపు! కాలిన మనిషి మీద కప్పడానికి తెచ్చారా, తగలబెట్టడానికి తెచ్చారా?"

"ఆయన బట్టల నుంచి అంటుకుని ఉంటుందండీ," అన్నాడు తోక.

"ఆయన బట్టలు ఇక్కడే కత్తిరించి పారేశాం. ఆ ఇంటి గుమ్మం కూడా తొక్కలేదు."

సర్వేయరు గారు కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు. చేతులు రెండూ కట్లతో దిండ్ల మీద ఉన్నాయి. ప్రాణానికి గండం గడిచిందని డాక్టరు చెప్పాడు. చేతులు మాత్రం మునుపటిలా రావన్నాడు.

డిటెక్టివమ్మ ఆ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. ఇంటిదారి పట్టింది. కేసు తేలినప్పుడు ఆవిడ ముఖంలో కనిపించే వెలుగు తోకకు బాగా తెలుసు. ఇవాళ కేసు తేలిందని అతనికి అర్థమైంది, వెలుగు మాత్రం లేదు.

"అమ్మగారూ, ఎవరో తెలిసిపోయిందా?"

"తెలిసింది. తెలియకపోతే బాగుండేది. పెద్దావిడకు ఫోను చేసి చెప్పు, రేపు పొద్దున షెడ్డుకు రమ్మను. వచ్చేటప్పుడు బీరువాలో దుప్పట్ల అడుగున ఉన్న మూట తెమ్మను."

*

మర్నాడు షెడ్డులో అందరూ చేరారు. కోర్టుకు వెళ్లేముందు మెకానిక్‌ను ఇన్‌స్పెక్టరు వెంటబెట్టుకొచ్చాడు. తన్నెందుకు పిలిచారంటూ కొట్టాయన సణుగుతున్నాడు. మెకానిక్ భార్య భర్తను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. కూతురు పనిబల్ల దగ్గర నిలబడింది. అందరికంటే ఆఖర్న సర్వేయరు గారి భార్య సంచీతో వచ్చి ఒక మూల కూర్చుంది.

"ఇన్‌స్పెక్టరు గారూ," అంది డిటెక్టివమ్మ. "అందరం కారులో దొరికిన పంపు గురించే మాట్లాడుకున్నాం. కారులో దొరకని పంపు సంగతి ఎవరూ అడగలేదు. మెకానిక్ చేతిపంపు కొన్నాడు. దానికి కొట్టాయన సాక్షి. వేశాడు కూడా. వారాల తరబడి కారు బాగానే తిరిగింది. ఆ తర్వాత ఎవరో దాన్ని విప్పి ఇంకోటి పెట్టారు. మరి విప్పింది ఏమైంది?"

"పారేసి ఉంటారు మేడమ్."

"పారేసేవాళ్లయితే నాకు దొరికేవాళ్లు కారు. ఈ షెడ్డులో ఒక పద్ధతుంది. ఏ బండిలోంచి ఏది విప్పినా గుడ్డలో చుట్టి ఆ ఇంటివాళ్ల చేతికే ఇస్తారు. మంచి పనైనా, దొంగచాటు పనైనా, ఆ చెయ్యి అలవాటు తప్పలేకపోయింది."

పెద్దావిడ లేచింది. సంచీలోంచి మూట తీసి బల్ల మీద పెట్టింది. గుడ్డ విప్పితే లోపల కొత్త చేతిపంపు, కొద్దిగా పెట్రోలు తడితో. గుడ్డకు ఎర్ర అంచు.

మెకానిక్ భార్య ఆ అంచు చూసి కొయ్యబారిపోయింది. "అది నేను కుట్టిందే," అంది మెల్లగా.

"మీరు కుట్టిందే. అంటే షెడ్డులోంచే వెళ్లింది. షెడ్డులో ఉండేది ఇద్దరు. మీ ఆయన మొన్నటిదాకా కాదని గోల పెట్టాడు, కాలిన కారును చూశాక మూగవాడయ్యాడు. తనే చేసి ఉంటే అందులో కొత్తగా చూడ్డానికి ఏముంది? వైరు అతుకు మీద పేనిన దారం, రేకుమూత అంచు చూశాడు. తను నేర్పిన పనితనం గుర్తుపట్టాడు."

అందరి చూపూ కూతురి మీదికి పోయింది. ఆ పిల్ల చేతిలోని పానా బల్ల మీద పెట్టింది.

"నేను చెప్పకూడదు. నాన్న మాట లేకుండానే నా చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు."

"నువ్వు చెప్పకమ్మా. నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో. నేను చెప్తాను. తప్పయితే నన్ను ఆపు." డిటెక్టివమ్మ పెద్దావిడ వైపు తిరిగింది. "సర్వేయరు గారికి చూపు తగ్గింది. లారీ పట్టే గేట్లో కారు గీసుకుంటోంది. బండి తోలొద్దంటే వినరు. అవునా?"

"ఎన్నిసార్లు చెప్పానో," అంది పెద్దావిడ. "సైకిలు మీద బడికెళ్లే పిల్లను గుద్దబోయారు. నేను పక్కనే ఉన్నాను. ఆ పిల్ల అక్కడ ఉన్నట్టే ఆయనకు కనపడలేదమ్మా! నాకు నిద్ర పట్టడం మానేసింది. ఈ అమ్మడి దగ్గరికొచ్చి ఏడ్చాను. ఎలాగైనా ఆ కారు కదలకుండా చెయ్యి తల్లీ అన్నాను. ఎలా చేస్తావని అడగలేదు."

"పంపు దొరకలేదని చెబుదామని ఈ పిల్ల మొదట తండ్రిని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. అందుకని చివరికి సర్వేయరు గారు మధ్యాహ్నం పడుకున్నప్పుడు మీరు తాళం ఇచ్చారు. ఈమె ఆ మూలనున్న బండి పంపు తెచ్చి పెట్టింది. ఇంజను పెట్రోలు మింగలేక వీధి చివరే ఆగిపోతుంది. గుప్పుమని వాసన వస్తుంది, ఎవరైనా తాళం తీసి దిగిపోతారు. బండి షెడ్డుకు వస్తుంది, ఇక పనికిరాదని చెప్పేయొచ్చు. ఇంజనుకు కూడా ఏమీ కాకూడదని మూత అంత చక్కగా వేసింది. అంతేనా అమ్మా?"

ఆ పిల్ల నోరు విప్పలేదు. తల మాత్రం ఊపింది.

"కాని సర్వేయరు గారికి వాసన తెలియదు. ఆ సంగతి ఈ పిల్లకు తెలియదు. మీకు తెలుసు. పెట్టింది పెట్రోలు పొంగించే పంపని మీకు తెలియదు. ఈ పిల్లకు తెలుసు. ఇద్దరూ ఇంకొక్క మాట మాట్లాడుకుని ఉంటే ఆయన చేతులు మిగిలేవి."

పెద్దావిడ కింద కూలబడి ఏడ్చింది. "నన్ను తీసుకెళ్లండయ్యా. దాని తప్పేముంది? ఆయనకు నేనే చెప్తాను. నేనే మీ చేతులు కాల్చానని చెప్తాను."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మెకానిక్ మీద కేసు ఉండదు మేడమ్. చంపాలని చేసింది కాదని రాస్తాను. కాని చేసింది చేసినట్టు కూడా రాయాలి. అమ్మాయి నాతో రావాలి. అమ్మా, మీరూ రావాలి."

మెకానిక్ భార్య డిటెక్టివమ్మ ఎదుటికి వచ్చి నిలబడింది. "మా ఆయన్ని ఇప్పించమని మీ గుమ్మం ఎక్కాను. నా పిల్లను ఇచ్చి తెచ్చుకుంటున్నాను." ఆ మాటలో తిట్టు లేదు. అందుకే తోకకు అది మరీ గుచ్చుకుంది. డిటెక్టివమ్మ చేతులు జోడించి నిలబడింది.

కూతురు చేతులు తుడుచుకుని జీపు వైపు నడిచింది. తండ్రి ముందుకొచ్చేసరికి ఆగి, తల ఎత్తలేక నిలబడింది. మెకానిక్ ఆ పిల్ల అరచేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. గోళ్ల మధ్య గ్రీజు ఇద్దరికీ ఒక్కలాగే ఉంది. రెండు రోజుల మౌనం తర్వాత అతని గొంతు బొంగురుగా పలికింది.

"మూత బాగా కోశావమ్మా," అన్నాడు. "అంత మంట పుట్టినా, ఒక్క చుక్క ఆయిలు కారలేదు."